బరువు తగ్గించు మాత్రలు: లాభమెంత, ప్రమాదమెంత?

సంతలో కిలో వంకాయలు కొనునపుడు మనము వాటిని తిప్పి చూతుము, బేరమాడుదుము, తూకము సరిగా ఉన్నదో లేదో గమనింతుము. కాని "పది రోజులలో పది కిలోలు తగ్గుదురు" అను ప్రకటన కనబడినపుడు ఈ జాగ్రత్త మనలో చాలమందికి ఉండదు. ఆ మాత్రలో ఉన్న పదార్థమేమి, అది శరీరములో ఎక్కడ పనిచేయును, దానిని ఎందరిపై పరీక్షించి చూచిరి అని అడుగువారు అరుదు. ఇట్టి ప్రకటనలు పెద్దల కంటనే గాక ఉన్నత పాఠశాలలలో చదువుకొను బాలబాలికల కంట కూడ పడుచున్నవి. తోటివారు వెక్కిరించుటచే మనసు నొచ్చిన పిల్లలు ఎవరికిని చెప్పక అట్టి మాత్రలను తెప్పించుకొను అవకాశమున్నది. కనుక ఈ మందుల సంగతి విద్యార్థులును, వారికి చెప్పవలసిన ఉపాధ్యాయులును తెలిసికొని యుండుట అవసరము.

బరువు తగ్గించు మాత్రలన్నియు మోసములని కాని, అన్నియు మంచివని కాని చెప్పుటకు వీలులేదు. కొన్ని ప్రాణములు తీసినవి. కొన్ని ఏ పనియు చేయవు. కొన్ని కొందరికి నిజముగా ఉపకరించుచున్నవి. వీటిని వేరుచేసి చూచుటకు మొదట కొంచెము లెక్క, పిమ్మట కొంచెము చరిత్ర తెలియవలెను.

బరువు లెక్క

మనము తిను ఆహారము శరీరములో నెమ్మదిగా దహనమై శక్తి నిచ్చును. 1890 తరువాతి దశాబ్దములో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు అట్‌వాటర్ మనిషి లోపల కూర్చుండి తిని, నిద్రించి, పనిచేయుటకు వీలైన ఒక గదిని నిర్మించి, అతని శరీరమునుండి వెలువడు ఉష్ణమును కొలిచెను. ఆహారముతో లోనికి పోయిన శక్తియు, ఉష్ణముగాను పనిగాను వెలువడిన శక్తియు సరిపోయినవి. శక్తి పుట్టదు, నశింపదు అను నియమము మనిషి శరీరమునకు కూడ వర్తించునని దీనివలన తేటపడినది.

ఆహార శక్తిని కిలో కేలరీలలో కొలుతురు. ఒక గ్రాము పిండిపదార్థము గాని, ఒక గ్రాము మాంసకృత్తులు గాని సుమారు 4 కిలో కేలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు సుమారు 9 కిలో కేలరీలు ఇచ్చును. ఖర్చుకు మించి తిన్న ఆహారపు శక్తి చాలవరకు క్రొవ్వుగా నిలువ చేరును. శరీరములోని క్రొవ్వు కణజాలములో కొంత నీరు కూడ ఉండును గనుక, ఒక కిలో క్రొవ్వు కణజాలము తగ్గవలెనన్న సుమారు 7,700 కిలో కేలరీలు ఖర్చు కావలెను.

ఇపుడు ఆ ప్రకటనను లెక్కవేసి చూతము. పది కిలోల క్రొవ్వు అనగా 77,000 కిలో కేలరీలు. దీనిని పది రోజులలో ఖర్చు చేయవలెనన్న రోజునకు 7,700 చొప్పున పోవలెను. కూర్చుండి పనిచేయు పెద్దవారి శరీరము రోజునకు ఖర్చుచేయునది సుమారు 2,000 మాత్రమే. ఆ మనిషి పది రోజులు మెతుకు ముట్టక కటిక ఉపవాసముండినను 20,000 కిలో కేలరీలు ఖర్చగును. అవి యన్నియు క్రొవ్వునుండియే వచ్చిన ననుకొన్నను, తగ్గునది రెండున్నర కిలోలకు కొంచెము పైన. కనుక పది రోజులలో పది కిలోల క్రొవ్వు తగ్గించు మాత్ర ఉండజాలదు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. గుణకార భాగహారములు చాలును.

మరి కొందరికి మూడు నాలుగు రోజులలోనే తూకము దిగుట ఎట్లు? అది చాలవరకు నీరు. కాలేయములోను, కండరములలోను గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువ యుండును. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు చేరియుండును. తిండి తగ్గించిన తొలి దినములలో ఈ నిలువ కరగి, నీరు బయటికి పోవును. మూత్రమును ఎక్కువచేయు మందులు, విరేచనకారులు కూడ నీటినే పోగొట్టును. తడిబట్టను పిండి, బట్ట పలుచబడినదనుట ఎట్టిదో ఇదియు నట్టిదే. దాహము వేసి నీరు త్రాగగనే ఆ బరువు తిరిగి వచ్చును. ఈలోగా లవణములు పోయినందున గుండె లయ తప్పు ప్రమాదము కూడ కలదు.

మందు పనిచేయు దారులు

నిజముగా క్రొవ్వును తగ్గించవలెనన్న మందునకు ముఖ్యముగా మూడు దారులు కలవు. శరీరములోని దహనమును హెచ్చించుట ఒకటి. ఆకలిని తగ్గించుట రెండవది. తిన్న ఆహారములో కొంత ఒంటబట్టకుండ చేయుట మూడవది. గత నూరు సంవత్సరములలో ఈ మూడు దారులును తొక్కి చూచిరి.

దహనమును హెచ్చించిన మందు

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఫ్రాన్సు దేశములోని మందుగుండు కర్మాగారములలో డైనైట్రోఫినాల్ అను పచ్చని రసాయనమును వాడుచుండిరి. దాని పొడి సోకిన కార్మికులకు విపరీతముగా చెమటలు పట్టెను, జ్వరము వచ్చెను, బరువు తగ్గెను, కొందరు మరణించిరి. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రసాయనమును స్థూలకాయులకిచ్చి బరువు తగ్గుటను చూపిరి. కొద్ది కాలములోనే సుమారు ఒక లక్షమంది దానిని వాడిరి. వైద్యుని చీటీ లేకుండనే దుకాణములలో అది దొరకెడిది.

ఈ మందు పనిచేయు విధము తెలిసికొనదగినది. మన కణములు ఆహార శక్తిని ఏటీపీ అను రసాయనముగా మార్చి పనులకు వాడుకొనును. ఈ ఏటీపీని 1929లో కనుగొనినవారిలో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అపుడాయన హార్వర్డులో ఫిస్క్‌తో కలసి పనిచేయుచుండిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ దానిని వేరుగా కనుగొనెను. ఏటీపీ తయారగు తీరును 1961లో పీటర్ మిచెల్ సూచించెను. అందులకు 1978లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

దానిని నాగార్జునసాగరముతో పోల్చి చెప్పవచ్చును. ఆనకట్ట వెనుక ఎత్తున నిలిచిన నీరు గొట్టములగుండ దిగి చక్రములను త్రిప్పుటచే విద్యుత్తు పుట్టును. కణములోని మైటోకాండ్రియాలో ఒక పలుచని పొర ఆనకట్ట వంటిది. దాని కొకవైపున ప్రోటాన్లు గుమిగూడి, నియమితమైన దారిలో రెండవ వైపునకు ప్రవహించునపుడు ఏటీపీ తయారగును. డైనైట్రోఫినాల్ ఆ పొరలో దొంగదారి తెరచును. ప్రోటాన్లు చక్రమును త్రిప్పకయే దిగిపోవును. ఏటీపీ తయారుకాదు, శక్తి యంతయు ఉత్త వేడిగా మారును. లోటు పూడ్చుకొనుటకు కణము మరింత క్రొవ్వును, చక్కెరను దహించును. ఇందువలన బరువు తగ్గుమాట నిజమే. కాని మందు కొంచెము హెచ్చినచో దేహపు వేడి అదుపుతప్పి పెరుగును. దీనికి విరుగుడు మందు లేదు.

1935 నాటికి దీనిని వాడిన కొందరు స్త్రీలకు చిన్న వయసుననే కన్నులలో శుక్లములు ఏర్పడి చూపు పోవుచున్నట్లు వైద్యులు గుర్తించిరి. 1938లో క్రొత్త చట్టము వచ్చిన పిమ్మట ఇది మనుష్యులు వాడదగినది కాదని అమెరికా ప్రభుత్వము నిర్ణయించెను. ఐనను దొంగచాటు అమ్మకము ఆగలేదు. ఇటీవలి కాలమున కూడ దీనిని తెప్పించుకొని మ్రింగిన యువతీయువకులు మరణించిరి. 2023లో బ్రిటన్ దీనిని లైసెన్సు లేనిదే పొందరాని విషముల పట్టికలో చేర్చినది.

ఆకలిని అణచిన మందులు

1930 తరువాత ఆంఫెటమిన్ అను ఉత్తేజక పదార్థము వాడుకలోనికి వచ్చెను. ఇది మెదడుపై పనిచేసి ఆకలిని అణచును. నిద్రను కూడ చెడగొట్టును. కొన్ని వారములలో శరీరము దీనికి అలవాటుపడుటచే మందు హెచ్చించవలసి వచ్చును. హెచ్చించిన కొలది వ్యసనమగును. గుండె దడ, రక్తపుపోటు పెరుగును. అమెరికాలో కొందరు వైద్యులు ఆంఫెటమిన్, థైరాయిడ్ గ్రంథి సారము, మూత్రమును హెచ్చించు మందు మొదలగువానిని కలిపి రంగురంగుల మాత్రలుగా అమ్మిరి. వీనివలన మరణములు సంభవించగా 1968లో ఆ దేశపు సెనేటులో విచారణ జరిగినది.

పిమ్మట ఫెన్‌ఫ్లూరమిన్ అను మందు వచ్చినది. 1992లో వెలువడిన ఒక పరిశోధన ఫలితముగా దీనిని ఫెంటర్మిన్‌తో కలిపి వాడుట అమెరికాలో మిక్కిలిగా వ్యాపించెను. 1997లో ఈ జంటను వాడిన 24 మంది స్త్రీలకు గుండె కవాటములు చెడినట్లు వైద్యులు ప్రకటించిరి. ఆ యేడే ఫెన్‌ఫ్లూరమిన్‌ను బజారునుండి తొలగించిరి. ఈ మందు గుండె కవాటములలోని కణములను ప్రేరేపించి వానిని దళసరిగా చేయునని తరువాత తెలిసినది.

సైబుట్రమిన్ కథయు నిట్టిదే. అది 1997లో అమెరికాలో అనుమతి పొందెను. గుండెజబ్బు ప్రమాదమున్న సుమారు పదివేలమందిపై జరిగిన దీర్ఘ పరీక్షలో గుండెపోటు, పక్షవాతము హెచ్చుట కనబడగా 2010లో అక్కడ దానిని తొలగించిరి. 2011లో భారతదేశములో నిషేధించిరి. రిమోనబాంట్ అను మరియొక మాత్ర 2006లో ఐరోపాలో వచ్చి, దానిని వాడినవారిలో దిగులు, ఆత్మహత్యా భావములు హెచ్చుటచే 2008లో ఆగిపోయినది. మన దేశములో 2009లో దానిని నిషేధించిరి.

ఈ మందులన్నియు బరువు తగ్గించినవే. ఐనను విఫలమైనవి. ఎందుచేత? మనము బరువు తగ్గగోరునది తూకపు ముల్లు దిగుటకు కాదు. గుండెజబ్బు, మధుమేహము, కీళ్లనొప్పి తగ్గి ఆరోగ్యముగా బ్రదుకుటకు. ముల్లు దిగి గుండె చెడినచో మందు ఓడినట్లే. ఇంకొక సంగతి: వందమందిపై కొన్ని నెలలు జరిగిన పరీక్షలో వేయిమందిలో ఒకరికి వచ్చు ప్రమాదము కనబడకపోవచ్చును. దానికి వేలమందిపై, సంవత్సరములపాటు పరీక్ష జరుగవలెను.

ప్రేగులలో క్రొవ్వును ఆపు మందు

మూడవ దారి తొక్కిన మాత్ర ఆర్లిస్టాట్. ఇది 1999లో అమెరికాలో అనుమతి పొందినది. క్లోమము నుండి వచ్చు లైపేజ్ అను జీర్ణరసము క్రొవ్వును ముక్కలు చేసినగాని అది ప్రేగుల గోడ దాటి లోనికి పోదు. ఆర్లిస్టాట్ ఆ లైపేజ్‌ను పనిచేయనీయదు. అందుచే తిన్న క్రొవ్వులో సుమారు మూడవ వంతు మలముతో వెలికి పోవును. నూనె ఎక్కువ తిన్నవారికి జిడ్డు విరేచనములు, ఆపుకొనలేని బాధ కలుగును. క్రొవ్వులో కరగు ఎ, డి, ఇ, కె విటమినులు కూడ కొంత నష్టమగును.

దీని ఫలితమెంత? స్వీడన్ దేశములో 3,305 మందిపై నాలుగేండ్లు జరిగిన పరీక్ష వివరములు 2004లో వెలువడినవి. అందరికిని ఆహార నియమములు, వ్యాయామము చెప్పిరి. సగము మందికి నిజమైన మాత్ర, సగము మందికి అదే రూపమున్న ఉత్తుత్తి మాత్ర ఇచ్చిరి. నాలుగేండ్ల చివర ఉత్తుత్తి మాత్రవారు 3.0 కిలోలు, నిజమైన మాత్రవారు 5.8 కిలోలు తగ్గిరి. అనగా మాత్రవలన కలిగిన అదనపు లాభము మూడు కిలోలకు లోపు. మధుమేహము మొదటివారిలో నూటికి 9.0 మందికి రాగా, రెండవవారిలో 6.2 మందికి వచ్చినది. లాభము నిజమే, కాని కొద్దిపాటిది.

ఉత్తుత్తి మాత్ర ఎందులకని విద్యార్థులు అడుగవచ్చును. మందు మ్రింగుచున్నానను ఎరుకతోనే మనిషి తిండి తగ్గించును, నడక హెచ్చించును. ఆ లాభమును మందు ఖాతాలో వ్రాయకుండుటకే ఈ ఏర్పాటు. ఇట్టి పోలిక లేని "మా మాత్రతో మూడు కిలోలు తగ్గిరి" అను మాటకు విలువలేదు. పై పరీక్షలో ఉత్తుత్తి మాత్రవారు కూడ మూడు కిలోలు తగ్గిరి గదా!

క్రొత్త మందులు

భోజనము చేసినపుడు ప్రేగులనుండి జీఎల్‌పీ-1 అను హార్మోను రక్తములో చేరును. అది ఇన్సులిన్‌ను హెచ్చించును, పొట్ట ఖాళీయగు వేగమును తగ్గించును, "ఇక చాలు" అను వార్తను మెదడునకు అందించును. కాని కొద్ది నిమిషములలోనే నశించును. దానిని పోలియుండి సుమారు వారము రోజులు నిలుచునట్లు చేసిన మందు సెమాగ్లూటైడ్. దీనిని వారమున కొకసారి చర్మము క్రింద సూదితో ఎక్కింతురు. మధుమేహమునకు మాత్ర రూపమున 2019లో అమెరికాలో అనుమతి లభించినది.

2021లో ప్రకటింపబడిన పరీక్షలో 1,961 మంది పాల్గొనిరి. 68 వారములలో సూదిమందు పొందినవారి బరువు సగటున నూటికి 14.9 వంతులు తగ్గెను. ఉత్తుత్తి మందువారికి 2.4 వంతులు తగ్గెను. గుండెజబ్బుండి బరువు హెచ్చుగా ఉన్న 17,604 మందిపై జరిగిన మరియొక పరీక్ష 2023లో వెలువడినది. అందులో గుండెపోటు, పక్షవాతము, గుండెజబ్బు మరణములు కలిపి నూటికి 20 వంతులు తగ్గినవి. బరువుతోబాటు ప్రమాదము కూడ తగ్గినట్లు ఇంత పెద్ద పరీక్షలో చూపగలుగుట గొప్ప విశేషము.

ఐనను వీనికి లోపములు లేకపోలేదు. వికారము, వాంతులు, విరేచనములు చాలమందికి కలుగును. పిత్తాశయములో రాళ్లు, అరుదుగా క్లోమపు వాపు రావచ్చును. క్రొవ్వుతోబాటు కండ కూడ కొంత తగ్గును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి: మందు మానిన యేడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు 2022లో తెలిసినది.

ఇది మందు తప్పుకాదు, రోగి తప్పుకాదు. క్రొవ్వు కణములు లెప్టిన్ అను హార్మోనును విడుచునని 1994లో తెలిసినది. క్రొవ్వు తగ్గినపుడు లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవు వచ్చినట్లు ఎంచి ఆకలిని పెంచును, ఖర్చును తగ్గించును. కరవు కాటకములలో మన పూర్వులను కాపాడిన ఏర్పాటే ఇది. కనుక రక్తపుపోటు మందు వలె ఈ మందులను కూడ దీర్ఘకాలము వాడవలసి రావచ్చును. ప్రారంభించుటకు ముందే ఈ సంగతి ఆలోచింపవలెను.

ఎవరికి తగును?

కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముచే భాగించిన వచ్చు సంఖ్యను దేహ భార సూచిక అందురు. 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు కలవారికి ఇది 64 ÷ 2.56 = 25. భారతీయులలో తక్కువ బరువుననే మధుమేహము, గుండెజబ్బు వచ్చుచున్నందున, పెద్దవారికి 23 మొదలు అధిక బరువుగను, 25 మొదలు స్థూలకాయముగను మన వైద్యులు ఎంచుచున్నారు. మందులు మాత్రము సాధారణముగా సూచిక 30 దాటినవారికిని, లేదా 27 దాటి బరువు సంబంధమైన జబ్బు కూడ ఉన్నవారికిని ఉద్దేశింపబడినవి. పెండ్లికో, ఫోటోకో రెండు మూడు కిలోలు తగ్గగోరువారికి వీనివలన ప్రమాదమే గాని ప్రయోజనము లేదు.

పై అంకెలు ఎదుగు పిల్లలకు వర్తింపవు. వారి బరువును వయసు ననుసరించిన పట్టికలతో పోల్చవలెను. ఎదిగే వయసులో ఎముకలకు, కండలకు, రక్తమునకు ఆహారము కావలెను. వైద్యుని చూడక విద్యార్థి తనంతట తాను మాత్ర మ్రింగుట ఎన్నటికిని తగదు.

మందు లేకయే సాధింపదగినది కూడ చాల కలదు. అమెరికాలో మధుమేహము రాదగిన 3,234 మందిపై జరిగిన పరీక్ష 2002లో వెలువడినది. నూటికి 7 వంతుల బరువు తగ్గుటను, వారమునకు 150 నిమిషముల నడకను లక్ష్యముగా పెట్టుకొన్నవారిలో మధుమేహము నూటికి 58 వంతులు తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 31 వంతులే తగ్గినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన నియమములలో ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో నూటికి 45 వంతులు మించరాదని చెప్పినది. కంచము నిండ అన్నము, అంచున కూర వడ్డించుకొను మనకిది పెద్ద మార్పు. అన్నము తగ్గించి కూరలు, ఆకుకూరలు, పప్పు హెచ్చించుట మాత్రకంటె చౌక.

ప్రకటనను పరీక్షించుట

ఉపాధ్యాయులు ఒక ప్రకటనను తరగతిలో చదివించి విద్యార్థులచే ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాయింపవచ్చును.

1. మాత్రలోని పదార్థము పేరు, పరిమాణము చెప్పినారా?
2. చెప్పిన వేగమున బరువు తగ్గుట 7,700 లెక్కకు సరిపోవునా?
3. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూచినారా? ఎందరిపై, ఎంతకాలము?
4. మందు మానిన పిమ్మట ఏమగునో, హాని యేమిటో చెప్పినారా?

"ఇది కేవలము మూలికలతో చేసినది, హాని లేదు" అను మాట సమాధానము కాదు. గన్నేరు, ఉమ్మెత్త కూడ మొక్కలే. పైగా మూలికలవని అమ్మిన మాత్రలలో తొలగింపబడిన సైబుట్రమిన్ కలిపియుండుట అమెరికా ప్రభుత్వ పరీక్షలలో పలుమారులు బయటపడినది.

కనుక బరువు తగ్గించు మాత్రలు వాడదగినవా అను ప్రశ్నకు జవాబిది: జబ్బుగా పరిణమించిన స్థూలకాయము కలవారికి, వైద్యుని పర్యవేక్షణలో, ఆహార వ్యాయామ నియమములతోబాటు కొన్ని మందులు తగును. ప్రకటన చూచి కొనినవి ఎవరికిని తగవు. తరగతిలో లావుగా ఉన్న పిల్లను వెక్కిరించువారిని మందలించి, ఆటలో ఆ పిల్లను కూడ చేర్చుకొను ఉపాధ్యాయుడు, ఆమె చేయి రహస్యముగా ఆ మాత్రల సీసా వైపు పోకుండ ఆపినవాడగును.